చెన్నపురి చిట్టా

ఉగాది నాడు మన తెలుగు ఇండ్లలో రెండు పనులు తప్పవు. ఒకటి వేపపూత పచ్చడి, రెండవది పంచాంగ శ్రవణము. పచ్చడి సంగతి పిల్లలకు కూడ తెలియును. పంచాంగ శ్రవణములో మాత్రము మనము అంతగా గమనింపని విశేషమొకటి ఉన్నది. పూర్వము గ్రామములో సిద్ధాంతిగారు కొత్త పంచాంగమును ఇంట దాచుకొని తానొక్కడే చదువుకొనలేదు. గుడి మండపములోనో రచ్చబండ మీదనో కూర్చుండి ఊరివారందరు వినునట్లు చదివినారు. ఈ యేడు రాజెవరు, మంత్రి ఎవరు, వాన ఎంత, పంట ఏపాటి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, అన్నియు బాహాటముగా చెప్పినారు. చెప్పిన ఫలము నిజమగునా కాదా అన్నది వేరు మాట. రాబోవు యేటి లెక్క ఊరందరిదనియు, దానిని అందరి యెదుట విప్పి చదువవలెననియు మన పెద్దలు నమ్మినారు.

మేమీ సంచికలో చెప్పదలచినది అటువంటి మరియొక లెక్క కథ. మనము పుట్టిన ఊళ్లు విడిచి వచ్చి కాపురమున్న ఈ చెన్నపట్టణపు చిట్టా కథ. ఇక్కడ ఎందరు జనమున్నారు, ఎంత వాన పడినది, చెరువులలో నీరెంత, ఏ నేల ఎటువంటిది? ఈ లెక్కలను ఎవరు వ్రాసినారు, ఎన్నాళ్లు దాచినారు, ఎప్పుడు తెరిచినారు? ఇది పండితులకు మాత్రమే పనికివచ్చు ప్రశ్న కాదు. ఇల్లు కొనుక్కొన్నవానికి, అద్దెకున్నవానికి, బిందె పట్టుకొని లారీ కొరకు వీధిలో నిలుచున్న ఇల్లాలికి కూడ కావలసిన ప్రశ్న.

కోటలోని కవిలెలు

1639 ఆగస్టులో దామెర్ల వేంకటాద్రి నాయకుని వద్ద ఇంగ్లీషు కంపెనీవారు ఈ తీరమున కొంత నేల సంపాదించి కోట కట్టుకొన్నారు. నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే ఊరికి చెన్నపట్టణమని పేరు వచ్చినదని ప్రతీతి. తొలినాటి వర్తకులలో బేరి తిమ్మన, కాశి వీరన్న వంటి తెలుగువారు ముఖ్యులు. కంపెనీవారికి సరకు కూర్చినది వీరు, భాష చెప్పినది వీరు, నేతగాండ్రను పిలిపించినది వీరు.

కంపెనీవారికి ఒక గొప్ప అలవాటుండెడిది. ప్రతి దినము జరిగినదంతయు పుస్తకములలో వ్రాయించి, వాని నకళ్లు ఓడల మీద లండనుకు పంపెడివారు. ఎన్ని తానుల గుడ్డ వచ్చినది, ఎవరికి బయానా ఇచ్చినారు, ఎవరితో తగవు వచ్చినది, అన్నియు అందులో ఉన్నవి. కాని ఆ లెక్క ఊరివారి కొరకు వ్రాసినది కాదు. పన్ను కట్టినది నల్లపట్టణములోని జనము, పద్దు చదివినది సముద్రమునకావలి యజమానులు.

1688 సెప్టెంబరులో ఇక్కడ కార్పొరేషను ఏర్పడినది. భారతదేశములో ఇదియే మొట్టమొదటిది. మొదటి ఆల్డర్మనులలో చిన్న వేంకటాద్రి అను తెలుగు వర్తకుడు కూడ ఉన్నాడు. ఆ విధముగా ఊరి పాలనలో మనవారికి తొలినాడే ఒక ఆసనము దొరికినది. ఆసనము దొరికినంత మాత్రమున కవిలెకట్ట విప్పినట్లు కాదు. ఆ పాత పుస్తకములు సామాన్యునికి అందుబాటులోనికి వచ్చుటకు రెండు వందల యేండ్లకు పైగా పట్టినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఎగ్మూరులోని రికార్డు ఆఫీసువారు వానిని అచ్చు వేయించ నారంభించినారు. 1973 నుండి ఆ కార్యాలయమునకే తమిళనాడు ఆర్కైవ్స్ అని పేరు. నేడు మనము అక్కడికి పోయి మన పూర్వుల పేర్లు వెదకవచ్చును. కాని వారు బ్రతికియుండగా ఆ లెక్క వారికి అక్కరకు రాలేదు. ఆలస్యముగా తెరిచిన లెక్క చరిత్ర అగును గాని సహాయము కాజాలదు. ఈ మాటను ముందు చెప్పబోవు దానికొరకు గుర్తుంచుకొనవలెను.

వానకు కొలత, మనిషికి లెక్క

నుంగంబాకములో 1792లో కంపెనీవారు నక్షత్రశాల కట్టినారు. దాని గుర్తుగా నిలిచిన రాతి స్తంభము మీద లాటిను, తమిళ భాషలతో పాటు తెలుగులో కూడ శాసనము చెక్కించినారు. నక్షత్రముల కొరకు కట్టిన ఆ చోటనే వానను కూడ కొలిచినారు. చెన్నపట్టణపు వాన లెక్క 1813 నుండి దొరకుచున్నది. రెండు వందల యేండ్ల వానకు పద్దు ఉన్న ఊళ్లు ప్రపంచములో ఎన్నియో లేవు. “వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెరుక” అని మన సామెత. రాకడ తెలియకపోవచ్చును గాని, వచ్చిన వాన ఎంత అన్నది మాత్రము ఈ ఊరు ఆనాటి నుండి వ్రాసి పెట్టుకొనుచున్నది.

వాన తరువాత మనుష్యులు. 1871 జనాభా లెక్కలో ఈ పట్టణ జనసంఖ్య 3,97,552. 1951 నాటికి అది 14 లక్షలు దాటినది. 2011లో 46 లక్షల 46 వేలు. ఆ యేడు అక్టోబరులో చుట్టుపట్ల మునిసిపాలిటీలను, పంచాయతీలను కలుపుకొని కార్పొరేషను విస్తీర్ణము 174 చదరపు కిలోమీటర్ల నుండి 426కు పెరిగినది. వార్డులు 155 నుండి 200 అయినవి. ఆ చేరిన ప్రాంతముల వారితో కలిపి లెక్కించిన, పట్టణ జనము సుమారు 67 లక్షలు.

ఇట్టి లెక్కలతో ఏమి ప్రయోజనమని అడుగువారుందురు. పరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పెదము. 1854లో లండనులోని సోహో ప్రాంతమున కలరా వచ్చి జనము పిట్టలవలె రాలినారు. అక్కడ మరణముల జాబితాను ప్రభుత్వము నమోదు చేయించెడిది. జాన్ స్నో అను వైద్యుడు ఆ జాబితా సంపాదించి, ఎవరెవరు ఏ యింట చనిపోయినారో పటము మీద గుర్తులు పెట్టినాడు. గుర్తులన్నియు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టును గుమిగూడినవి. అధికారులు ఆ పంపు పిడి ఊడదీయించినారు. కలరా నీటి వలన వచ్చునని లోకము నమ్ముటకు ఆ పటము గట్టి ఆధారమైనది. లెక్క వ్రాసినది ప్రభుత్వము. దానికి అర్థము చెప్పినది బయటివాడు. ప్రభుత్వపు లెక్క బయటివాని కంట పడుటలోని లాభమంతయు ఈ ఒక్క కథలో ఉన్నది.

చెరువు మీద నగరము

ఇక నీటి సంగతి. 1872లో రెడ్ హిల్స్ చెరువు నుండి పట్టణమునకు నీరు తెచ్చు ఏర్పాటు మొదలైనది. 1944లో పూండి జలాశయము పూర్తియైనది. దీనికి పూర్వపు మేయరు సత్యమూర్తిగారి పేరు పెట్టినారు. పూండి, చోళవరము, రెడ్ హిల్స్, చెంబరంబాక్కము, ఈ నాలుగును నిండుగా నిండిన యెడల పట్టునది 11,257 మిలియను ఘనపుటడుగులు, అనగా 11 టి.ఎం.సి.లకు కొంచెము పైన.

ఊరు పెరిగినకొలది ఒక వైపు దూరపు చెరువుల నుండి నీరు తెచ్చుకొన్నాము, మరియొక వైపు దగ్గరి చెరువులను పూడ్చుకొన్నాము. మన తెలుగువారికి మిక్కిలి ప్రీతియైన త్యాగరాయనగరము 1920లలో మాంబళము చెరువును ఎండగట్టి వేసిన పేట. కార్పొరేషనుకు అధ్యక్షత వహించిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారు. ఆ పేటలోని పార్కుకు పేరిచ్చిన పానగల్లు రాజాగారును తెలుగువారే. చీరల అంగళ్లకును, నగల అంగళ్లకును మనము పోవు ఆ వీధుల క్రింద ఒకనాడు చెరువున్నదని ఎందరికి తెలియును?

ఇందులో మనవారిని తికమక పెట్టు మాట ఒకటి కలదు. తెలుగులో ఏరు అనగా పారునది. తమిళములో ఏరి అనగా చెరువు. కొత్తగా వచ్చిన మన కుటుంబములవారు దస్తావేజులో “ఏరి” అన్న మాట కనబడిన, దగ్గరలో ఎక్కడనో ఏరు పారుచున్నది కాబోలు అనుకొని సంతకము చేయుదురు. మీరు కొన్న నేల చెరువు కావచ్చునని ఆ మాట హెచ్చరించుచున్నది. హెచ్చరిక కాగితము మీదనే ఉన్నది. చదువగలవారు లేక మోసపోయినాము.

రెండు రాష్ట్రముల నడుమ

లెక్కలతో ప్రయోజనమే కాదు, తగవును కలదు. 1949 నుండి 1953 వరకు మద్రాసు ఎవరిది అన్న వివాదములో ఇరుపక్షములవారు జనాభా అంకెలను చేతపట్టుకొని వాదించినారు. ఎవరికి అనుకూలమైన అంకెను వారు పైకెత్తినారు. మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగము చేసినారు. 1953 అక్టోబరు 1న మద్రాసు లేకుండ ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. ఆ గాయము మన పెద్దల తరములో చాల కాలము పచ్చిగానే ఉండినది. దానిని మరల రేపుట మా ఉద్దేశము కాదు. ఈ ఊరు మనకు అన్నము పెట్టినది, ఇక్కడి తమిళ సోదరులు మనకు ఇరుగుపొరుగు. అంకె నిజమైనదైనను, ఒక అంకెను మాత్రమే చూపి తక్కిన వానిని దాచిన యెడల అది సగము నిజమే అగునని ఆ కాలము నేర్పినది.

మరి ముప్పది యేండ్లకు ఆ రెండు రాష్ట్రములే మరియొక లెక్క కొరకు కూర్చున్నవి. 1983 ఏప్రిలులో ఎన్.టి. రామారావుగారును, ఎం.జి. రామచంద్రన్‌గారును ముఖ్యమంత్రులుగా ఉండగా తెలుగుగంగ ఒడంబడిక కుదిరినది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర రాష్ట్రములు తమ వాటా కృష్ణా జలములలో తలకు 5 టి.ఎం.సి.లు విడువవలెను. దారిలో ఆవిరియగునది పోగా 12 టి.ఎం.సి.లు తమిళనాడు సరిహద్దు చేరవలెను. శ్రీశైలము నుండి బయలుదేరి, నెల్లూరు సీమలోని కండలేరు దాటి, ఊత్తుకోట వద్ద సరిహద్దు చేరిన ఆ నీరు 1996లో మొదటిసారి పూండికి వచ్చినది. మన నాలుగు చెరువులు నిండుగా పట్టునది 11 టి.ఎం.సి.లు, కృష్ణమ్మ ఇవ్వవలసినది 12. పుట్టింటి నీరు ఈ ఊరికి ఎంతటి ఆదరువో ఈ రెండంకెలే చెప్పుచున్నవి. చాల యేండ్లలో అంత నీరు రాలేదన్నది కూడ నిజమే. ఆ సంగతి మనకు తెలిసినది సరిహద్దున కొలత వేసి లెక్క వ్రాయుట వలననే. కొలత లేనిచోట ఇచ్చితిమని ఒకరు, రాలేదని ఒకరు అనుకొని ఊరుకొనెడివారు.

రెండు పరీక్షలు

2015 డిసెంబరు 1వ తేది ఈ ఊరిలో ఉన్నవారెవరు మరువగలరు? ఆ నాడు, ఆ రాత్రి కలిసి తాంబరములో 49 సెంటీమీటర్ల వాన కురిసినది. నవంబరు వానలకే చెరువులు నిండియున్నవి. చెంబరంబాక్కము నుండి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు విడిచినారు. ఆ నీరు అడయారు నదిలో పడి జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కోట్టూరుపురము మీదుగా సముద్రమునకు పోయినది. ఆ యేటి వానలకు, వరదలకు తమిళనాడులో వందల మంది చనిపోయినారు.

ఆ రాత్రి మాలో కొందరము డాబాల మీద గడిపినాము. క్రింద మెట్లు ఒక్కటొక్కటిగా మునుగుచుండగా మాకు తెలియనిది ఒక్కటే: ఇంకను ఎంత నీరు రానున్నది? చెరువు గట్టున కొలబద్ద ఉన్నది, దానిని చూచి వ్రాయు ఉద్యోగి ఉన్నాడు, అంకె పై అధికారులకు పోయినది. నది ఒడ్డున పడుకొన్న పిల్లల తల్లిదండ్రుల చెవికి మాత్రము అది వేళకు చేరలేదు. మూడు వందల యేండ్ల క్రిందట కోటలోని పుస్తకము వలె, లెక్క ఉండియు మనకు లేకపోయినది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారి నివేదిక 2018లో శాసనసభ ముందుకు వచ్చినది. చెరువు నీటిని విడిచిన తీరును ఆ నివేదిక తప్పుపట్టినది. అది మేలే, కాని మునిగిన యింటికి రెండున్నర యేండ్ల తరువాత వచ్చిన లెక్క.

ఆ దినములలోనే ఒక మంచి పని కూడ జరిగినది. కొందరు యువకులు ఇంటర్నెట్టులో ఊరి పటము తెరిచి, ఏ వీధి మునిగినదో అక్కడివారే గుర్తు పెట్టునట్లు చేసినారు. ఆ పటము చూచి దారి వెదకుకొన్నవారున్నారు. జాన్ స్నో చేసిన పనినే మన పిల్లలు తెలియకయే మరల చేసినారు.

రెండవ పరీక్ష 2019లో వచ్చినది. ఈసారి నీరు లేక. 2018లో ఈశాన్య ఋతుపవనపు వానలు సరిగా కురియలేదు. 2019 జూన్ నాటికి నాలుగు చెరువులును ఇంచుమించు ఎండినవి. జూలైలో జోలార్‌పేట నుండి రైలు మీద నీరు తెచ్చినారు. ఇక్కడ ఒక సంగతి ఆలోచింపదగినది. చెరువులలో నీరెంత ఉన్నదో మెట్రోవాటరు బోర్డువారు ఏ దినమున కా దినము తమ వెబ్‌సైటులో ప్రకటించుచునే ఉన్నారు. లెక్క దాచలేదు. ఆ చలికాలమంతయు అంకె దిగుచునే ఉన్నది. చూడదలచిన వానికి జూన్ నెల జనవరిలోనే కనబడినది. అయినను ఎన్ని అపార్ట్‌మెంట్లలో నీటి వాడుక తగ్గించినాము? 2003లోనే చట్టము చేసి ప్రతి యింటను తప్పనిసరి చేసిన వాననీటి గుంటలను ఎందరము శుభ్రము చేయించుకొన్నాము?

2015లో లెక్క వేళకు తెలియక నష్టపోయినాము. 2019లో లెక్క తెరిచియున్నను చదువక నష్టపోయినాము. మొదటి దానికి పాలకులను అడుగవలెను. రెండవ దానికి మనలను మనమే అడుగుకొనవలెను.

తలుపు తెరిచిన చట్టములు

అడుగుటకు నేడు హక్కు కలదు. సమాచారము కోరుటకు చట్టము చేసిన మొదటి రాష్ట్రము తమిళనాడే, 1997లో. 2005లో దేశమంతటికి సమాచార హక్కు చట్టము వచ్చినది. ఆ చట్టములోని 4వ సెక్షను ప్రకారము, ఎవరును అడుగక ముందే ప్రభుత్వ కార్యాలయములు తమ ముఖ్య వివరములను తామే ప్రకటింపవలెను. 2012లో కేంద్ర ప్రభుత్వము ఒక విధానము ప్రకటించి, శాఖల గణాంకములన్నిటిని ఒకచోట ఉంచుటకు ఓపెన్ డేటా పోర్టలు తెరిచినది. సిద్ధాంతిగారు పంచాంగము విప్పి మండపములో కూర్చున్నట్లే ఇదియును.

అయితే విప్పిన పంచాంగమంతయు చదువ వీలుగా లేదు. ఒక శాఖ లెక్క ఒక యేటిది, వేరొక శాఖ లెక్క వేరొక యేటిది. కొన్ని కాగితమును ఫొటో తీసి పెట్టినట్లుండును, కూడుటకు తీయుటకు పనికిరావు. జిల్లా మొత్తము అంకె ఉండును, మన వీధి అంకె ఉండదు. పట్టణములు దినదినము పెరుగును, పద్దు మాత్రము పదియేండ్లకొకసారి తిరుగును. అదియును తప్పినది. 2021లో జరుగవలసిన జనాభా లెక్క కోవిడ్ కారణముగా ఆగినది. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా పెట్టుకొని జరిపింతుమని 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఆ మధ్యకాలమంతయు కుళాయిలకు, బస్సులకు, బడులకు, రేషనుకు 2011 అంకెలనే నమ్ముకొనవలసి వచ్చినది. మధ్యలో వచ్చిన కొత్త పేటల వారు ఆ లెక్కలో లేనట్లే. అందులో మన కుటుంబములు తక్కువ కాదు.

వినువారు కావలెను

కావున ప్రవాసాంధ్ర సోదరీ సోదరులకు మా మనవులు మూడు.

మొదటిది, ఇల్లు గాని స్థలము గాని కొనుటకు ముందు సర్వే నంబరు తీసికొని, ప్రభుత్వపు వెబ్‌సైటులో పట్టా, చిట్టా చూడుడు. ఆ నేల ఏ తరగతిదో చూడుడు. “ఏరి” అను మాట కనబడిన తమిళము తెలిసిన పొరుగువారిని అడుగుడు. బ్రోకరు మాట కంటె రిజిస్టరు మాట నమ్మదగినది.

రెండవది, జనాభా లెక్క వ్రాయు ఉద్యోగి మన గడపకు వచ్చినప్పుడు తొందరపెట్టి పంపివేయకుడు. ఇంట ఉన్నవారందరి పేర్లు చెప్పుడు. పిల్లలు ఈ ఊర పుట్టి తమిళ బడిలో చదివినను, తల్లి వారితో మాటలాడినది తెలుగైన యెడల మాతృభాష తెలుగే అని చెప్పుడు. 2011 లెక్కలో తమిళనాడునందు తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు. తెలుగు బడి నిలుపుమని అడుగబోయినప్పుడు మన చేతనుండు మొదటి కాగితము ఈ అంకెయే. హెచ్చించి చెప్పనక్కరలేదు, తగ్గించి చెప్పరాదు. 1953 నేర్పిన పాఠమది.

మూడవది మన సంఘమునకే. ప్రతి ఉగాదికి పంచాంగ శ్రవణము ముగిసిన పిమ్మట, ఒక పది నిముషములు ఊరి చిట్టా కూడ చదివింతము. చెరువులలో నీరెంత, గత యేటి వాన ఎంత, కండలేరు నుండి వచ్చినదెంత, మన వార్డుకు కార్పొరేషను బడ్జెటులో కేటాయించినదెంత. అంకె దొరకని చోట ఇది దొరకలేదని చెప్పి, దానికొరకు సమాచార హక్కు క్రింద అర్జీ పెట్టుదము. కాలేజీ పిల్లలలో ఎవరైనను ఈ పని చేయగలరు. చదువుట వారి వంతు, వినుట పెద్దల వంతు.

కొత్త యేట అందరికి ఆదాయము హెచ్చుగాను, వ్యయము తక్కువగాను ఉండుగాక. చెరువులు నిండి, గట్లు నిలుచుగాక. ఊరి లెక్క ఊరివారి చెవిని వేళకు పడుగాక.